ఏప్రిల్ దాకా ఉండే రోడ్డు

అలాస్కాలో నది మీద రోడ్డు వేయడం నా ఉద్యోగమంటే హెర్న్‌డన్‌లోని నా స్నేహితురాళ్ళకు ఇప్పటికీ నమ్మకం కుదరదు. వర్జీనియాలో నాతో మాస్టర్స్ చేసినవాళ్ళంతా డేటా సెంటర్ల చుట్టుపక్కల స్థిరపడ్డారు. సివిల్ ఇంజనీరింగ్ చదివిన పాపానికి నన్ను మొదట రమ్మన్నది ఇక్కడి ఒక ఊరి కౌన్సిల్. ఆ ఊరికి వేసవిలో పడవ, మిగతా కాలమంతా చిన్న విమానం. చలికాలంలో నది గట్టిగా గడ్డకట్టాక, దాని మీద పేరుకున్న మంచు తోసి మేం వేసే దారి ఒక్కటే దానికి రోడ్డు.

"అంటే ఐస్ మీద డ్రైవ్ చేస్తరా?" అంది ఒకతె వీడియో కాల్‌లో.

"చేస్తాం. సీట్ బెల్ట్ పెట్టుకోం, అద్దాలు దించుకుంటాం. బండి మునిగితే బయటికి దూకాలి కదా."

"ఏం జాబే తల్లీ అది! మరి సమ్మర్‌లో ఆ రోడ్ ఏమైతది?"

"కరిగిపోద్ది."

"మళ్ళా?"

"మళ్ళీ వేస్తాం."

అది నన్ను జాలిగా చూసి, "నీ రెజ్యూమె పంపు, మా మేనేజర్‌కి ఫార్వర్డ్ చేస్తా" అంది.

నిజానికి కరిగిపోయే రోడ్డు వేయడం కంటే దానికి డబ్బు అడగడమే కష్టం. ఆ దరఖాస్తులు రాయడం నా పనిలో సగం. రోడ్డు ఎన్నాళ్ళు మన్నుతుందని అందులో ఒక ప్రశ్న ఉంటుంది. మొదటి ఏడాది నేను "ఏప్రిల్ దాకా" అని రాశాను. పై ఆఫీసు నుంచి ఒకాయన ఫోన్ చేసి, ఏ సంవత్సరం ఏప్రిల్ అని మర్యాదగా అడిగాడు. ఆ గ్రాంటు మంజూరయ్యేసరికి నదిలో పడవలు తిరుగుతున్నాయి. అందాకా డీజిల్‌కు బింగోయే దిక్కు. అది మన తంబోలా లాంటి ఆట. శుక్రవారం సాయంత్రాలు ఊరంతా స్కూలు జిమ్‌లో కూర్చుని అంకెలు కొట్టేస్తూ రోడ్డుకు డబ్బు పోగుచేసేవారు. నేను ఒక్కసారైనా గెలవలేదు. ఆ కడుపుమంట నాకింకా చల్లారలేదు.

కౌన్సిల్లో రోడ్డు పని చూసే పెద్దావిడను అలవాటు కొద్దీ నేను ఆంటీ అనేదాన్ని. అదృష్టం కొద్దీ ఇక్కడివాళ్ళూ పెద్దవాళ్ళను అలాగే పిలుస్తారు. మంచు తోసే మా ప్లౌ ట్రక్కు నడిపేది ఆవిడ అల్లుడు. నేను మంచు మీద నడిచే చిన్న బండి, స్నోమొబైల్ మీద ముందు వెళ్ళి, డ్రిల్‌తో ఐస్‌కు రంధ్రం పెట్టి, మందం కొలుస్తాను. నేను ఊఁ అన్నాకే అతను వెనక నుంచి మంచు తోసుకుంటూ రావాలి. అపాయం ఉన్నచోట విల్లో కొమ్మలు నరికి, మెరిసే టేపు చుట్టి వరసగా గుచ్చుతాం. ఆ కొమ్మలు దాటి ఎవరూ వెళ్ళరు. ఇదీ మా పద్ధతి.

పోయిన చలికాలం అతని భార్యకు నెలలు నిండాయి. తొలి కాన్పు. ఆసుపత్రి ఉన్నది నది దిగువన పట్టణంలోనే కాబట్టి, ఇక్కడి ఆడవాళ్ళు కాన్పుకు నెల ముందే విమానమెక్కి వెళ్ళి అక్కడ ఎదురుచూస్తూ కూర్చోవాలి. మనవాళ్ళు పురిటికి పుట్టింటికి వెళితే, వీళ్ళు పుట్టిల్లు వదిలి వెళ్తారు. తోడుగా ఆంటీ కూడా వెళ్ళింది. నొప్పులు వచ్చేలోగా రోడ్డు వేసుకుంటూ వచ్చి పక్కనుంటానని అతను భార్యకు మాటిచ్చాడు.

"నువ్వూ ఫ్లైట్‌లో వెళ్ళొచ్చుగా?" అన్నాను.

"నేనెళ్తే ట్రక్కు నువ్వు నడుపుతావా?"

నా డ్రైవింగ్ సంగతి ఇద్దరికీ తెలుసు కనుక ఆ చర్చ అక్కడితో ముగిసింది.

పట్టణం చేరడానికి ఇంకొక్క పూట పని ఉందనగా వాన మొదలైంది. నడి చలికాలంలో వాన! నాకు ఒళ్ళు మండిపోయింది. మా రోడ్డు మీద నీళ్ళు నిలిచాయి. విమానాలు ఆగిపోయాయి. పట్టణం వాళ్ళు తమ వైపు దారి మూసేశారు. మేం ఒక పెద్ద మలుపు దగ్గర చిక్కుకున్నాం. అక్కడ ప్రవాహం జోరుగా ఉండి ఐస్‌ను అడుగు నుంచి కోసేస్తుంది. ఒడ్డు వెంట పోదామంటే ఒక పక్క నిటారు గట్టు, ఇంకో పక్క బండి దిగబడిపోయే మెత్తటి మంచులో దట్టమైన పొదలు. సరిగ్గా ఆ మధ్యాహ్నమే ఆంటీ మా వాకీటాకీ లాంటి రేడియోలో చెప్పింది, అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయని.

నేను డ్రిల్ పెట్టాను. మందం చాలలేదు. ఇంకోచోట పెట్టాను. అక్కడా అంతే.

"ట్రక్కు వద్దులే, నీ స్నోమొబైల్ ఇవ్వు. స్పీడ్‌గా దాటేస్తా" అన్నాడతను.

"వద్దు."

"నేను ఈ నది మీదే పుట్టి పెరిగా."

"అయితే నీకే బాగా తెలియాలి. వద్దు."

బండి తాళం తీసి కోటు లోపలి జేబులో వేసుకున్నాను. అతను నాకంటే రెండింతలుంటాడు. లాక్కుంటే ఏం చేయగలను? అతను లాక్కోలేదు. రేడియో అందుకుని నా మీద అత్తగారికి ఫిర్యాదు చేశాడు. ఇక్కడ ప్రతి వంటింట్లోనూ రేడియో రోజంతా మోగుతూనే ఉంటుంది. ఎవరి కుక్క తప్పిపోయినా, ఎవరింట్లో సూప్ మిగిలినా అందరికీ తెలిసేది దాంట్లోనే. నా పరువు నది పొడుగునా వినబడుతోందన్నమాట.

"ఇంజనీరు పిల్ల ఏమంటోంది?" అంది ఆంటీ.

"వద్దంటోంది."

"అయితే వద్దు" అని ఆవిడ కట్ చేసింది.

అతను ట్రక్కులో కూర్చుని తలుపు వేసుకున్నాడు. నేను బయటే కొమ్మలు గుచ్చుతూ ఉండిపోయాను. ఆ ముఖం చూసే ధైర్యం నాకు లేదు. సరిగ్గానే చేశానని తెలుసు, అయినా ఆ పూట నన్ను నేనే అసహ్యించుకున్నాను. ఒక మనిషికి మళ్ళీ రాని గంట అది. దానికి అడ్డంగా నిలబడింది నేను.

పొద్దు వాలుతుండగా ట్రక్కు కిటికీలోంచి రేడియో గరగరలాడింది. ఆంటీ ఏదో మొదలుపెట్టి ఆగిపోయింది. తర్వాత పసిబిడ్డ ఏడుపు. గట్టిగా, కోపంగా, అచ్చం అమ్మమ్మ లాగే. బటన్ మీద నుంచి వేలు తీయకుండా ఆవిడ చాలాసేపు వినిపించింది. ఆ తర్వాత ఒక్కో ఊరి నుంచి ఒక్కో గొంతు అభినందనలు చెప్పడం మొదలుపెట్టింది. అతను స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడుస్తున్నాడు. నాకూ ఏడుపాగలేదు. అతను నాతో మాత్రం మాట్లాడలేదు.

చలి తిరిగొచ్చి ఐస్ మళ్ళీ బలపడేదాకా ఆ మౌనం సాగింది. చివరికి ఒక పొద్దున నేను కొలిచి, కొమ్మలు పీకి, ఊఁ అన్నాను. అతను మలుపు దాటి, దారి తెరుచుకుంటూ వెళ్ళిపోయాడు. వెనక్కి చూడలేదు. చూస్తాడని నేనూ అనుకోలేదు.

మర్నాడు నేను మలుపు దగ్గర పనిలో ఉండగా అతను పట్టణం నుంచి తిరిగొచ్చాడు. ట్రక్కులో భార్య, ఆమె తొడుక్కున్న పార్కా కోటు లోపల బిడ్డ, వెనక సీటులో ఆంటీ. ముందు రోజు కంటే చలి ఇంకా ముదిరింది. ఏనుగును నడిపించినా ఐస్ చెక్కుచెదరదు. అయినా అతను మలుపుకు అవతలే బండి ఆపి, దిగి, నా దగ్గరికి నడిచొచ్చాడు.

"డ్రిల్ పెట్టు."

"పొద్దున్నే చూశాను. నిన్నటి కంటే గట్టిగా ఉంది. నిన్న నువ్వు దాటావు కదా."

అతను ట్రక్కు వైపు చూశాడు.

"నిన్న నేనొక్కణ్ణే ఉన్నా" అన్నాడు.

నేను డ్రిల్ అందుకున్నాను. మలుపు ఈ చివర నుంచి ఆ చివర దాకా అతను పక్కనే నడుస్తూ రంధ్రాలు వేయించాడు. ప్రతి రంధ్రం దగ్గరా మోకాళ్ళ మీద కూర్చుని, కొలకర్ర నా చేతిలోంచి తీసుకుని, తనే దించి చూసుకున్నాడు.