నాగమ్మత్త నేర్పిన టైమింగ్

నిన్న తిరుత్తణి కొండ మలుపులో ఒక పాత పెట్రోలు పికప్ నన్ను దాటి ఎక్కింది. దాని ఇంజన్, డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు టకటక కొట్టుకుంటోంది. ఆ చప్పుడు వినగానే మా అత్త నాగమ్మ గుర్తొచ్చింది. ఆమె పోయి చాలా ఏళ్లయింది.

మాకూ అలాంటి బండే ఉండేది. మామ కొన్నది, ఆయన తర్వాత మా ఆయన తోలేవాడు. ఊళ్లోని మల్లెలూ కనకాంబరాలూ గంపలకెత్తి కొండమీది పూల అంగళ్లకు చేర్చడమే మా బతుకు. ఒక ఎండాకాలం మా ఆయన మామిడిచెట్టు మీంచి పడి, తుంటి విరిగి తిరువళ్లూరు ఆస్పత్రిలో చేరాడు. బండి తోలడం నాకు వచ్చు గనక ఆ పని నేనెత్తుకున్నాను. అంతలోనే బండి మొరాయించింది. షెడ్డువాడు ఇంజన్లో నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు మార్చాడు గానీ టైమింగ్ కుదర్చలేకపోయాడు. నిప్పురవ్వ పడవలసిన క్షణాన పడక సైలెన్సరు పటపటమనేది, బండి లాగేది కాదు.

మా బావ వచ్చి చూశాడు. "పాత ఇనపకొట్టుకు వేసేద్దాం అమ్మా. తమ్ముడు లేచినాక వేరేది చూసుకుంటాడు. ఆడమనిషి దీంతో యాడ పడతాది?" అన్నాడు. ఆ మాటలో చిన్నచూపు లేదు, భయమే ఉంది.

"వాడు లేచేదాకా పూలు మొగ్గలుగానే ఉంటాయా?" అంది అత్త.

బావ వెళ్లాక ఆమె ఒక చిన్న బల్బుకు రెండు వైర్లు కట్టించి, ఒకటి పాయింట్ల తీగకూ ఒకటి బండి ఇనుముకూ తగిలించమంది. "మీ మామ తిప్పతా ఉంటే నేను బల్బు చూసి చెప్పేదాన్ని. ఇప్పుడు నువ్వు తిప్పు." ఇంజన్ పుల్లీ మీది గీతను పక్కనున్న గుర్తుకు ఎదురుగా తెచ్చి, నిప్పురవ్వను పంచే డిస్ట్రిబ్యూటర్ బోల్టు వదులు చేశాను. దాన్ని మెల్లగా తిప్పుతూ బల్బు వెలిగిన చోట ఆపాలి. నేను ప్రతిసారీ దాటిపోతున్నాను. "నువ్వే తిప్పత్తా" అన్నాను విసుగొచ్చి.

"నా చేతికి అలవాటైతే నీకేం లాభం?"

ఎట్టకేలకు బండి నిలకడగా పలికింది. గంపలెక్కించుకుని ఇద్దరం బయలుదేరాం. కొండ సగం ఎక్కేసరికి టకటక మొదలైంది. వెనక బస్సు హారన్ కొడుతోంది. పక్కకు తీసి ఆపాను.

"ఏం వినపడినాది?" అంది అత్త.

"కొట్టుకుంటాంది. బరువుకు పెట్రోలు ముందే మండుతాంది అనుకుంటా. యే పక్కకు తిప్పేది?"

"తిప్పి చూడు. తప్పైతే బండే చెప్తాది."

ముందు తిప్పిన పక్క తప్పు. చప్పుడు ఇంకా పెరిగింది. రెండో పక్కకు వెంట్రుకవాసి జరిపి బోల్టు బిగించాను. బండి చప్పుడు లేకుండా కొండెక్కింది. పూలు వాడకముందే అంగళ్లకు చేరాయి. ఆ తర్వాత మా ఆయన నడవగలిగేదాకా బండి నేనే తోలాను. ఇనపకొట్టు మాట బావ మళ్లీ ఎత్తలేదు.

అత్త పోయిన తర్వాతే మా ఆయన నాకొక సంగతి చెప్పాడు. ఆ రోజు కొండమీద ఏ పక్కకు తిప్పాలో తెలిసీ, ఆమె నోటిదాకా వచ్చిన మాటను దిగమింగుకుందట.

మొన్న నేను పక్కన కూర్చుని ఉండగా మా కోడలు బండిని వెనక్కి తీస్తూ గోడకు రాసింది. నా చేయి స్టీరింగు మీదికి పోబోయింది. చేతిని వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాను. "దిగి చూసుకుని రామ్మా" అన్నాను.