చంకలో తమ్ముడు

పిల్లలూ, బెంగళూరు నుంచి మీరిద్దరూ ఫోన్లో పంపిన ప్రశ్నలు చదివాను. మీ స్కూలు ప్రాజెక్టు కోసం, ఈ అవ్వ పాఠాలు చెప్పిన బడిలో ఎంతమంది పిల్లలు, ఎవరెవరి పిల్లలు, మార్కులు ఎట్లా వచ్చేవి అని అడిగారు. ఒక్కో ప్రశ్న కింద ఒక్కో గీత గీసి, జవాబు అందులో రాయమన్నారు. ఆ గీత మీద పట్టే జవాబు నా దగ్గర లేదు. కాస్త పొడుగ్గా చెబుతాను, కావలసింది మీరే ఏరుకోండి.

ఎంతమంది అని కాదు, ఏ నెలలో ఎంతమంది అని అడగాలి. కోడుమూరు దాటి లోపలికి పోతే వచ్చే చిన్న ఊరది. వాన పడితే పంట, లేకుంటే లేదు. జూన్‌లో బడి తెరిచినప్పుడు హాజరుపట్టీ నిండుగా ఉండేది. కొత్త సంవత్సరం వచ్చేసరికి బెంచీలు సగం ఖాళీ. ఊళ్ళో పని అయిపోగానే జనం సుగ్గికి పోతారు. సుగ్గి అంటే గుంటూరు వైపు మిరపకాయలు కోసే కూలి. గిన్నెలు, దుప్పట్లు, కోళ్ళతో సహా లారీ ఎక్కితే మళ్ళీ ఉగాది దాటాకే రావడం. ఎవరెవరి పిల్లలంటే, అంగడి సెట్టిగారి మనవలు పసుప్పచ్చ వ్యాను ఎక్కి కోడుమూరు ఇంగ్లీషు బడికి పోయేవాళ్ళు. మాకు మిగిలింది చర్చి వీధి పిల్లలు, దర్గా వెనక ఇళ్ళ పిల్లలు. ఇంకా వాళ్ళ చంకల్లో తమ్ముళ్ళు, చెల్లెళ్ళు. ఈ చంకలో వాళ్ళ పేర్లు ఏ పట్టీలోనూ ఉండవు గానీ, సుద్దముక్కలు తినేదీ, నా కుర్చీ కింద తడిపేదీ వాళ్ళే.

అది ఆ ఊరి ఏర్పాటు. సుగ్గికి పోయే తల్లి పెద్దపిల్లనూ చిన్నబిడ్డనూ ఇంట్లో ముసలమ్మ దగ్గర వదులుతుంది. ఊళ్ళో కూలికి పోయే రోజుల్లోనూ అంతే. ముసలమ్మకు చూపు ఆనదు. కాబట్టి పగలు పెద్దపిల్ల చిన్నదాన్ని ఎత్తుకుని బడికి వస్తుంది. మేం కాదనేవాళ్ళం కాదు. కాదంటే పెద్దపిల్ల కూడా రాదు.

చర్చి వీధి నుంచి నాలుగో తరగతి పిల్ల ఒకతె అట్లాగే వచ్చేది. తమ్ముడికి ఏడాది దాటినా ఇంకా పాకేవాడే. వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని, అయిదో తరగతి పాఠం కూడా గడగడా చదివేది. పేజీ తిప్పే ముందు ఆగితే వాడు పుస్తకం మీద చేత్తో కొట్టేవాడు, ఇంకా చదవమన్నట్టు. బడి మొత్తానికి అంత బాగా చదివేది ఆ పిల్ల ఒక్కతే.

ఒక డిసెంబరులో కబురు వచ్చింది. వచ్చే నెలలో ఏదో ఒక రోజు అధికారులు వచ్చి, పిల్లల చేత చదివించి, బడికి గ్రేడు వేస్తారని. ఆ పిల్ల లేచి నిలబడి చదువుతుంటే మధ్యలో ఈ పిల్లవాడు ఏడుపు అందుకుంటాడేమోనని నా భయం. అందరికీ కలిపి చెప్పాను, జనవరి నెలంతా చంకబిడ్డలను ఎవరూ తేవద్దని. ఆ పిల్ల సరేనని తలూపింది.

కొత్త సంవత్సరం ఆరాధన అయిన మర్నాడు ఆ పిల్ల బడికి రాలేదు. మధ్యాహ్నం భోజనం వండే ఆమె గంటె పట్టుకునే వచ్చి చెప్పింది. "మేడమ్, ఆ పాప చర్చి కాడ లారీలో కూర్చోనుండాది."

పరుగు లాంటి నడకతో పోయాను. వాళ్ళమ్మ మూటలు ఎక్కిస్తోంది.

"పాపను యాడికి తీసుకపోతాండావమ్మా? ఈడే ఉంచుతానంటివి కదా."

"ఏం సేయల్ల మేడమ్. పిల్లోన్ని బడికి తేవద్దంటిరంట. మాయమ్మకు కండ్లు అగపడవు. పగలంతా వాన్ని ఎవురు సూసుకుంటారు?"

"తెచ్చుకోమను. నేనే ఎత్తుకుంటా."

ఆమె నవ్వింది. కోపం లేదు. "మీరు మంచోళ్ళే మేడమ్. పెద్దసారు వచ్చి మల్లా వద్దంటే? మేము యాడో మిరపతోటలో ఉంటాం. బిడ్డ యాడుండాడో అని ఆడ నాకు పని సాగుతాదా?"

లారీ మీద నుంచి ఒక పెద్దావిడ అంది, "మీరు గూడా ఎక్కండి మేడమ్. పిల్లోళ్ళంతా ఆడనే ఉండారు, ఆడనే బడి పెడుదురు." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఏం చేయను మరి.

పైనుంచి ఆ పిల్ల పుస్తకం నాకు అందించబోయింది. "బడి పుస్తకం మేడమ్." నీదేలే, చదువుకో అన్నాను. ఒళ్ళో ఉన్న తమ్ముడు దాని మూల నోట్లో పెట్టుకున్నాడు. లారీ కదిలింది.

కొన్నాళ్ళకు అధికారులు వచ్చారు. చదవమంటే ఒకడు రెండో మాట దగ్గర ఆగాడు, ఇంకొకతె నా మొహం చూసింది. అధికారి మెత్తని మనిషే. "ఒక్కరైనా తడుముకోకుండా చదివేవాళ్ళు లేరా మేడమ్?" అన్నాడు. ఉంది సార్, గుంటూరు పక్కన ఉంది అన్నాను. ఆయన ఎదురుగా ఉన్న పిల్లలకు ఎంత వచ్చిందో అంతే వేసుకున్నాడు. మండలంలో మా బడి అట్టడుగున నిలిచింది. మీ మూడో ప్రశ్నకు జవాబు అదే.

ఉగాది దాటాక ఆ పిల్ల వచ్చింది. తమ్ముడు అక్క వేలు పట్టుకుని సొంత కాళ్ళ మీద గడప దాటాడు. బడి బడంతా చప్పట్లు కొట్టింది. అక్క వేళ్ళు మిరపకాయల ఘాటుకు పొట్టు లేచి ఉన్నాయి. మూల కొరికిన పుస్తకం తెరిచి చదవమన్నాను. వేలు ఒక్కో అక్షరం కిందే పెట్టుకుంటూ, రెండు మాటలు చదివి తలెత్తింది.

"యాది రాలేదు మేడమ్."

పోన్లే, వస్తుందిలే అన్నాను. మన బళ్ళలో ఎవరినీ ఫెయిలు చేయరు కదా, అయిదో తరగతి పట్టీలో పేరు రాశాను. మరుసటి జనవరిలో, చంకబిడ్డలను తెచ్చుకోవచ్చని నేనే ఇంటింటికీ పోయి చెప్పి వచ్చాను. కానీ అప్పటికి ఆ పిల్ల చంకలో ఎవరూ లేరు. తానూ ఒక కూలి మనిషిగా లెక్కకు వచ్చి లారీ ఎక్కింది.

నేను రిటైరైన ఏడు ఆ తమ్ముడు ఒకటో తరగతిలో చేరాడు. వాడికి అ ఆలు దిద్దించింది నేనే. చెయ్యి పట్టుకుని దిద్దిస్తున్నప్పుడల్లా ఒకటే తోచేది. వాడు నడక నేర్చుకోవడానికి మూడు నెలలు పట్టింది, వాళ్ళక్క చదువు మరిచిపోవడానికీ ఆ మూడు నెలలే పట్టాయి.