రాలిన పిందెల ప్రశ్న

నూజివీడులో రెడ్డిగూడెం బస్సెక్కిన దగ్గర్నుంచీ నాకు కుదురు లేదు. వారం రోజుల్లో ఐరోపాలోని మా యూనివర్సిటీలో నా థీసిస్ పరీక్ష. సమాధానాలు గొణుక్కుంటుంటే, పక్క సీట్లో కూర్చున్న మామిడితోట కూలీ ఒకావిడ, "ఏంటమ్మా అంత కంగారు?" అంది.

"మా యూనివర్సిటీ నాలుగొందల ఏళ్ళ నాటిదండీ. పాత ప్రొఫెసర్ల పటాలున్న హాల్లో, అందరి ముందూ పరీక్ష పెడతారు. వినడానికి వచ్చినవాళ్ళెవరైనా లేచి ప్రశ్న అడగొచ్చు. మొదట్నుంచీ అదే ఆచారం."

"అయితే నేనూ అడగొచ్చా? దేనిమీద చదివావు?"

"మామిడి పిందె రాలడం మీదండీ. మూడేళ్ళు ఇక్కడి తోటల్లోనే, చెట్ల కింద రాలిన పిందెలు లెక్కపెట్టాను."

"ఏ వేళప్పుడు?"

"పొద్దున పదింటికి."

ఆవిడ నా వైపు జాలిగా చూసింది. "తెల్లారగానే మేం ఏరుకుపోతాం కదమ్మా, పప్పులోకి. మరి నువ్వు లెక్కపెట్టిందేంటి?"

సంచిలోంచి థీసిస్ తీసి చూశాను. మూడేళ్ళ లెక్కలూ పదింటివే. తర్వాతి స్టాపులో ఆవిడ దిగిపోయింది. రెడ్డిగూడెం చేరేలోపే, పరీక్ష వాయిదా వేయమని మా ప్రొఫెసర్‌కి మెయిల్ పెట్టాను. ఆయన చాలా కోప్పడ్డారు.

మరుసటి ఏడు పిందె రాలే రోజుల్లో, కూలీలకంటే ముందే నేను చెట్ల కింద ఉన్నాను.