పాత కార్డు, కొత్త కార్డు, సత్యానందం పలక

మార్కాపురంలో కంప్యూటర్లు బాగుచేసేవాళ్లు పదిమంది ఉంటారేమో గానీ, దుకాణం గోడకు పలక తగిలించుకున్నోడు మాత్రం సత్యానందం ఒక్కడే. బడిపిల్లల పలక కాదు, మూడడుగుల నల్లరాతి పలక. వాళ్ల నాయన వరప్రసాదం పలకల గనిలో తన చేత్తో చీల్చింది. పాత గ్రాఫిక్స్ కార్డు గొప్పదా, కొత్తది గొప్పదా అని ఎవరు వాదులాడుకున్నా సత్యానందం ముందు నోరు తెరవడు. రెండింటినీ ఒకే కంప్యూటర్‌లో పెట్టి, ఒకే పని చేయించి, ఏది ఎన్ని నిమిషాలు తీసుకుందో సుద్దముక్కతో పలక మీద రాస్తాడు. "డబ్బా మీద రాసేదంతా పెళ్లిచూపుల మాటలబ్బా. కాపురం సంగతి ఈడ తేలుతుంది" అంటాడు. ఆ మాటకు దర్శి నుంచి గిద్దలూరు దాకా గిరాకీ ఉంది.

ఈ అలవాటు గని నుంచి వచ్చిందే. వరప్రసాదం ప్రతి పలకనూ వేలి కణుపుతో కొట్టి చూసేవాడు. ఖంగుమంటే మంచిది, బొంగురుగా పలికితే లోపల పగులున్నట్టు. "కన్ను మోసపోతదిరా, చెవి మోసపోదు" అనేవాడు. అంతటి పనిమంతుడు నలభై ఎనిమిదో ఏటికే చర్చి మెట్లు నాలుగెక్కి రొప్పుతూ కూలబడేవాడు. ముసలోడైపోయినాడు పాపం అన్నారు జనం. కొడుకూ అట్లనే అనుకున్నాడు. నాయన పోయినాక సత్యానందం గని పనికి దండం పెట్టి, కంప్యూటర్ కోర్సు చేసి, కంభం రోడ్డులో దుకాణం తెరిచినాడు. గని నుంచి తెచ్చుకున్నది ఆ పలక ఒక్కటే.

రెండేళ్ల కింద గిద్దలూరు నుంచి అరుణకుమారి వచ్చింది. పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసే పిల్ల. ఆమెకు సత్యానందం ఏడేళ్ల నాటి పెద్ద కార్డు పెట్టించినాడు. "పాతదే గానీ మెమరీ దండిగా ఉంది తల్లీ. కొత్తగా వచ్చే చిన్న కార్డులు బరువు పనిలో దీని ముందర నిలబడవు. మాట నాది" అన్నాడు. పోయిన ఏడు ఆమె మార్కాపురానికే కాపురం మారింది.

ఆ అరుణకుమారే ఒకరోజు పొద్దున్నే ఆటోలో తన కంప్యూటర్ వేసుకొని దిగింది. చేతిలో కొత్త కార్డు డబ్బా.

"అన్నా, నీ కార్డు ముసలిదైపోయింది. పెళ్లి పాట వీడియో ఒక్కటి తయారు చేయాలంటే రోలు మింగినట్టు కూర్చుంటాంది. కొత్త షాపులో ఇది వాడి చూడమని ఇచ్చినారు. పాతది పాతసామాన్లోళ్లకు వేసేయమన్నారు."

దుకాణంలో ఉన్న నలుగురూ చెవులు రిక్కించినారు. సత్యానందం నవ్వినాడు. ఆ నవ్వుతోనే ఊరుకోవచ్చు గదా, ఊరుకోడే!

"నా కార్డు ఓడిపోతే ఈ పలక దించేస్తానమ్మా. మళ్లీ ఎక్కించను."

ఆమె పెట్టె భలే శుభ్రంగా ఉంది. బట్టతో లోపలా బయటా తుడిచి తెచ్చింది. అది చూసి సత్యానందం ఇంకేమీ విప్పకుండా అయిదు నిమిషాల పెళ్లి పాట వీడియోను ముందు పాత కార్డు మీద తయారు చేయించినాడు, తర్వాత కొత్తదాని మీద. పాతదానికి పంతొమ్మిది నిమిషాలు పట్టింది, కొత్తదానికి పదకొండు.

ఇంకొకడైతే కరెంటు సరిగా లేదనో ఇంకేదో అనో నసిగేవాడు. సత్యానందం రెండు అంకెలూ పలక మీద రాసినాడు. రాసి, మేకు నుంచి పలకను లేపి కింద పెట్టినాడు. పద్దెనిమిదేళ్ల నుంచి ఉన్న పలక, గోడ మీద దాని జాగా తెల్లగా మిగిలింది.

కింద పెట్టేటప్పుడు అలవాటు కొద్దీ వేలి కణుపు దానికి తగిలించినాడు. ఖంగుమంది.

చెవి మోసపోదన్న నాయన మాట గుర్తొచ్చింది. ఇంతసేపూ తను గడియారం చూసినాడే గానీ కార్డును విన్నాడా? పాత కార్డు మళ్లీ బిగించి చెవి ఒగ్గినాడు. ఫ్యాను హోరుమంటాంది. వెనక అరచెయ్యి పెడితే గాలి రావడం లేదు. రొప్పుతాంది గానీ ఊపిరాడటం లేదు.

కార్డు తీసి పైతొడుగు విప్పినాడు. వేడిని లాగే రేకుల సందుల నిండా బూడిదరంగు పొడి, మెత్తినట్టు పూడిపోయి ఉంది. వేళ్ల మధ్య నలిపి చూసినాడు. అది ఏ పొడో ఆయనకు ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు.

"మీ ఇంటి వెనక పలకలు కోసే షెడ్డు ఉంది గదమ్మా?"

"ఉంది. ఇల్లు మారిన రోజు నువ్వే గదన్నా ఈ కంప్యూటర్‌ను ఆ షెడ్డు వైపు కిటికీ కింద పెట్టింది, గాలి తగులుతదని."

సత్యానందం తల పట్టుకున్నాడు. షెడ్ల పక్కనున్న వాళ్లందరికీ నెలనెలా తెచ్చి దుమ్ము ఊదించుకోమని చెప్పేవాడు, ఈమెకు మాత్రం ఏడాదికోసారి చాలన్నాడు. గిద్దలూరు పిల్ల అన్న లెక్కలోనే ఉండిపోయినాడు. గనిలో పుట్టి పెరిగినోడు చేయాల్సిన తప్పేనా ఇది!

"తప్పు నాదే తల్లీ" అని అందరి ముందరే ఒప్పుకున్నాడు. కార్డును బ్రష్షుతో, బ్లోయరుతో శుభ్రం చేసి, చిప్పు మీద ఎండిపోయిన, వేడిని లాగే పేస్టు తీసి కొత్తది పూసి, మళ్లీ నడిపించినాడు. తొమ్మిది నిమిషాలు! నలుగురూ ఓయబ్బో అంటూ ఈలలు వేసినారు.

ఆయన మాత్రం మోకాళ్ల మీద కూర్చొని, కింద ఉన్న పలక మీదనే ఉన్నదున్నట్టు రాసినాడు. బరువు పనిలో పాతది గెలిచింది. అయిపోయిన వీడియోను చిన్నది చేసి సేవ్ చేసేటప్పుడు కొత్తది ఒక నిమిషం ముందుంది, కరెంటూ సగమే తాగింది.

"నీది బరువు పని గాబట్టి పాతదే ఉంచుకో. ఇది ముసలిది కాలేదమ్మా, పూడిపోయింది అంతే" అన్నాడు. అని, చేతిలో సుద్దముక్క పట్టుకొని అట్లనే నిలబడిపోయినాడు. మెట్ల మీద కూలబడిన నాయన కళ్ల ముందర కనబడినాడు. నలభై ఎనిమిదేళ్లకు ఎవడు ముసలోడవుతాడు? గనిలో ఏళ్ల తరబడి ఇదే పొడి పీల్చిన ఆయన్ను కూడా ఎవరూ విప్పి చూడలేదు. అందరూ ముసలోడన్నారు, తనూ అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగినాయి.

"గెలిచినావు గదన్నా" అంటూ అరుణకుమారి పలకకు చెయ్యి వేసింది. "నువ్వు ఎక్కించనన్నావు. నేను ఎక్కిస్తా, పట్టు."

"పలక యాడికీ పోదు గానీ, ఆ కిటికీ గదిలో ఎవరెవరు పడుకుంటారు?"

"నేనూ, పాపా."

"పాపకు దగ్గుందా?"

అరుణకుమారి చెయ్యి పలక మీదనే ఆగిపోయింది. "రెండు నెలలుగా ఉందన్నా. చలికి అనుకున్నాం."

సత్యానందం ఏనాడూ పట్టపగలు దించని షట్టరును సగం లాగినాడు. "ముందు మంచం ఆ గది నుంచి తీసేద్దాం. ఆ కిటికీ నేను మూసేస్తా. మధ్యాహ్నానికి పాపను డాక్టరుకు చూపిద్దాం, పద" అని ఆటోను కేకేసినాడు.

పలక గోడకు ఆనుకొని కిందనే ఉంది.