పల్లంలో దొరికిన గుండీలు

యుద్ధభూమి పార్కులో గడ్డి కోసే పని ఆయనది. అందరూ 'కోతల బాబాయ్' అంటారు. పిలుపులోనే తప్ప మాటల్లో కోతలు లేని మనిషి. ఈయనకు నోట్లో నాలుక ఉందా అని భార్యకే అప్పుడప్పుడు అనుమానం వచ్చేది. పందొమ్మిదేళ్ళుగా చెవులకు గుడ్డ చుట్టుకుని, కోత మిషను తోసుకుంటూ, దిబ్బలూ పల్లాలూ తిరుగుతూనే ఉన్నాడు.

రెండు వందల ఏళ్ళ కిందట అక్కడ రెండు సైన్యాలు ఒక పగలంతా కొట్టుకున్నాయి. ఆ కథ చెబుతూ ఆదివారం ఉదయం పార్కువాళ్ళు జనాన్ని మైదానమంతా నడిపిస్తారు. టికెట్ లేదు, ఎవరైనా రావచ్చు. ముందు నడిచేది గైడు. బాబాయ్‌కి ఆయన మంచి స్నేహితుడు.

ఒక ఆదివారం గైడుకి గొంతు పూర్తిగా పోయింది. సూపర్‌వైజరమ్మ నేరుగా పనిముట్ల గదికి వచ్చింది.

"బాబాయ్, ముప్పై మంది వచ్చి నిలబడ్డారు. నువ్వే తీసుకెళ్ళాలి."

"నేనా? నాకేం తెలుసమ్మా? ఆయన చెప్పేదాంట్లో సగమే నాకు వినపడుతుంది. మిగతా సగం మిషను మింగేస్తుంది."

"ఆ సగమే చెప్పు. మిగతాది బోర్డుల మీద ఉంది."

మొదటి దిబ్బ దగ్గరే ఉత్తరపు సైన్యాన్ని తీసుకెళ్ళి దక్షిణాన నిలబెట్టాడు. ఒక చిన్నపిల్ల బోర్డు చదివి సరిదిద్దింది. ఇక సైన్యాల జోలికి పోకుండా తనకు తెలిసిందే చెప్పసాగాడు. ఎక్కడ నీళ్ళు నిలుస్తాయో, ఎక్కడ గడ్డి మొండికేస్తుందో చెప్పాడు.

"ఇక్కడ నేల దిగుతుంది, చూసుకుని రండి. గుండీలు ఎక్కువగా ఈ పల్లంలోనే దొరుకుతాయి."

"ఏం గుండీలు?" అని అడిగింది తల నెరిసిన ఒకావిడ. ఆవిడ కాలేజీలో చరిత్ర పాఠాలు చెబుతుంది.

"కోటు గుండీలండీ, ఇత్తడివి. సీసం గుళ్ళు కూడా. వాన పడ్డ మర్నాడు పైకి తేలతాయి. ఎప్పటికప్పుడు ఆఫీసులో ఇచ్చేస్తాను."

పక్కనే బోర్డు ఉంది: 'ఈ పల్లం వరకు ఏ సైన్యమూ రాలేదు.' ఆవిడ దాన్ని రెండుసార్లు చదివింది.

"రాకపోతే ఇవెలా వచ్చాయి?"

"అదే నాకూ తెలీదండీ."

ఏదో తెలిసి దాస్తున్నవాణ్ణి చూసినట్టు ముప్పై మందీ ఆయన వైపు చూశారు.

వారం తిరక్కుండా ఆవిడ మరో ఇద్దరు పండితులను వెంటబెట్టుకుని వచ్చింది. బాబాయ్ ఇచ్చిన గుండీలూ గుళ్ళూ వేసి ఉంచిన బిస్కెట్ డబ్బాను ఆఫీసు బీరువా అడుగు నుంచి బయటికి తీశారు. బాబాయ్‌ని నడిపించి, దొరికిన చోటల్లా చిన్న జెండా గుచ్చించారు. సైనికులు అక్కడికి పారిపోయి వచ్చారని ఒకరన్నారు. గాయపడ్డవాళ్ళను అక్కడ పడుకోబెట్టారని ఇంకొకరన్నారు. తర్వాతెవరో పాత కోట్లు పారేసి ఉంటారని మూడోవారు. ఏదీ తేలలేదు. బోర్డు మాత్రం తీసేయమన్నారు. దాని మేకులు ఊడబెరికే పని బాబాయ్‌దే అయింది.

గైడు గొంతు బాగుపడి వచ్చాడు. సంగతి విని మూడు రోజులు పలకలేదు. నాలుగో రోజు మిషనుకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"పల్లం దాకా ఎవరూ రాలేదని పదకొండేళ్ళుగా నేను అబద్ధం చెబుతున్నానంటావా?"

"నేనెందుకంటాను?"

"మరి గుండీల సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు. చదువుకున్నవాడివి, నీకు తెలిసే ఉంటుందనుకున్నాను."

గైడు ముఖం వాడిపోయింది, గిరుక్కున తిరిగి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఇంట్లో బాబాయ్ భార్యను అడిగాడు. "నేను చేసింది తప్పంటావా?"

"దొరికింది ఇచ్చావు. అడిగితే చెప్పావు. తప్పేముంది?"

"మరి ఆయన ముఖం అలా ఎందుకైపోయింది?"

"అది ఆయన్నే అడుగు," అంది ఆమె, ఉతికిన బట్టలు మడత పెడుతూ.

అడగడానికి నోరు రాలేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనుకుంటూ పల్లం వైపు వెళ్ళడమే తగ్గించాడు. కానీ గడ్డి ఊరుకుంటుందా? మోకాలి ఎత్తు పెరిగింది. వాన వెలిసిన ఒక మంగళవారం తప్పనిసరై దిగాడు. బ్లేడు ఖంగుమంది. మిషను ఆపి చూస్తే మళ్ళీ ఇత్తడి గుండీ. ఉన్నచోటే వదిలేయాలా? ఆఫీసులో ఇవ్వాలా? ఇస్తే ఈసారి ఎవరి మాట తప్పవుతుందో? అరచేతిలో పెట్టుకుని ఆఫీసు వైపు సగం దూరం నడిచాడు. వెనక్కి తిరిగాడు. మళ్ళీ నడిచాడు. చివరికి గైడు గదికి వెళ్ళి బల్ల మీద పెట్టాడు.

"ఈసారి ముందు నీకే చెబుతున్నాను."

గైడు చాలాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత పటం తీసి పరిచాడు.

"సరిగ్గా ఎక్కడ?"

బాబాయ్ వేలు పెట్టాడు. సందేహం వచ్చి వేలు కాస్త ఎడమకు జరిపాడు. "ఇక్కడో, ఇక్కడో."

గైడు రెండు చోట్లా చుక్కలు పెట్టాడు.

ఇప్పుడు ఆదివారం నడక ఇద్దరూ కలిసే చేస్తారు. పల్లం దగ్గరికి రాగానే గైడు ఆగి, "ఇక్కడి నుంచి ఈయన చెబుతాడు," అంటాడు. ఎక్కడ దొరికాయో తెలుసనీ, ఎందుకు దొరికాయో తెలీదనీ బాబాయ్ ముందే చెప్పేస్తాడు. కథ వినడానికి వచ్చినవాళ్ళు కొందరు ముఖం చిన్నబుచ్చుకుంటారు. తెలీదని చెప్పడానికి తనను ప్రతివారం ఎందుకు పిలుస్తారో ఆయనకు ఇప్పటికీ అంతుపట్టలేదు.