ముందే బయల్దేరిన సంచి

మా వదినె కంటే ఆమె సంచి ముందు సముద్రానికి బయల్దేరింది. బయల్దేరి, కరీంనగర్‌లో మా ఇంటి దాకా వచ్చి, హాల్లో టీవీ పక్కన కూర్చుండిపోయింది. చలికాలమంతా అది అక్కడే ఉంది. ఊడ్చేటప్పుడు దాన్ని ఎత్తి సోఫా మీద పెట్టి, మళ్ళీ అక్కడే పెట్టేదాన్ని. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ "ఎవలన్న చుట్టాలొచ్చిన్రా?" అని అడిగేవారు. "ఇంకా రాలే, సంచే వచ్చింది" అనేదాన్ని.

దీనికంతటికీ మూలం నా ఓడ పిచ్చి. ముంబైలో ఎక్కించుకొని, కొన్ని రోజులు సముద్రం మీద తిప్పి, మళ్ళీ ముంబైలోనే దింపే ఓడలున్నాయని నేను రిటైరైన ఏడాది ఎవరో చెప్పారు. ఇక నాకు వేరే ఆలోచన లేదు. మా ఆయనకేమో బస్సులో వేములవాడ పోయొస్తేనే కడుపులో తిప్పుతుంది. "ఓడెక్కితె నా పేగులు నీ చేతికొస్తయ్. నన్నిడిసిపెట్టు" అని దండం పెట్టాడు. ఓడలో గది ఇద్దరి లెక్కన ఇస్తారు, ఒక్కరే ఉన్నా గది మొత్తానికి కట్టాల్సిందే. అది అటుంచి, అన్ని నీళ్ళను చూసి "అబ్బ" అన్నప్పుడు వినడానికైనా పక్కన ఒక మనిషి ఉండాలి కదా.

అప్పుడు ఆదిలాబాద్ నుంచి వదినె ఫోన్ చేసింది. వదినె అంటే మా ఆయన అక్క. మా ఇద్దరికీ పొసగదని చుట్టాల్లో పేరు. అబద్ధమేం కాదు. నేనేం వండినా ఆమెకు ఉప్పు తక్కువ, ఆమె ఏం మాట్లాడినా నాకు కారం ఎక్కువ.

"నేనొస్త పిల్లా ఓడకు" అంది.

"నువ్వా? ఎందుకు?"

"ఎందుకేంది? మీ అన్న నోరు మూపియ్యడానికి."

అన్న అంటే ఆమె భర్త, నాకు అన్న వరస. గల్ఫ్‌లో ఓడరేవులో పనిచేసి వచ్చాడు. వచ్చి ఎన్నో ఏళ్ళయినా సముద్రం ఆయన నోట్లోంచి దిగలేదు. గట్టి వాన పడితే, "గిది వానా? వాన సముద్రం మీద పడాలె" అంటాడు. చెరువు అలుగు పారితే పెదవి విరుస్తాడు. ఎట్లుంటదని వదినె అడిగితే మాత్రం, "నీకు జెప్తె సమజ్ కాదు, సూడాలె" అని తాగేసిన చాయ్ గ్లాసు చేతికిస్తాడు. ఆమె చూసిన పెద్ద నీళ్ళల్లా బాసర గోదావరే. ఆ "సూడాలె"ను ఇన్నేళ్ళూ మింగి మింగి ఉంది.

సరే, ఇద్దరి పేర్ల మీద గది తీసుకున్నాం. తీసుకున్నాక వదినె పంచాంగం చూపించుకుంది. బయల్దేరే రోజు ఆమెకు అచ్చిరాదట. దీనికి మా వైపు ఒక ఉపాయం ఉంది. అసలు రోజు మంచిది కాకపోతే, ముందే ఒక మంచిరోజు చూసి, సర్దిన సంచిని ఇంకొకరి ఇంట్లో పెట్టేస్తారు. ప్రస్థానం పెట్టడం అంటారు. సంచి గడప దాటితే మనిషి దాటినట్టే లెక్క, తర్వాత ఎప్పుడు కదిలినా పర్వాలేదు. షరతు ఒక్కటే. ప్రయాణం కాకుండా ఆ సంచి తిరిగి ఇంటికి పోకూడదు. మామూలుగా ఎవరైనా పక్కింట్లో పెడతారు. మా వదినె పక్కింటివాళ్ళను నమ్మదు. కరీంనగర్‌కు పెళ్ళికొస్తున్న వాళ్ళ చేతికిచ్చి మా ఇంటికి పంపింది. "తెరిచి సూడకు" అని ఫోన్‌లో హుకుం కూడా జారీ చేసింది.

ఆ తర్వాత వాళ్ళ పత్తి ఇంటికొచ్చింది. ధర కోసం ఆగేవాళ్ళు అక్కడ పత్తిని ఇంట్లోనే ఒక గదిలో పోసుకుంటారు. కుప్ప కప్పును తాకుతుంది. వదినె ఆ కుప్ప మీదికెక్కి తొక్కుతూ సర్దుతుంటే కాలు జారింది. అంత మెత్తని పత్తి మీదుగా జారుకుంటూ వచ్చి, పాదం సరిగ్గా రాతి గడపకే కొట్టుకుంది. మడమ పైన ఎముక చిట్లింది. కట్టు వేశారు.

"పత్తి మీద పడి కాలిరగ్గొట్టుకున్న మనిషిని నేనింత వరకు సూడలే" అని మా ఆయన నవ్వాడు. నవ్వాడు గానీ ఆ సాయంత్రమంతా ఫోన్ పక్క నుంచి లేవలేదు.

ఓడ రోజుకు వదినె నడవగలదా అంటే డాక్టర్ నడవచ్చు అనలేదు, నడవలేదు అనలేదు. నాకు ఇట్లాంటి జవాబులు అసలు పడవు. మరుసటి రోజే బస్టాండ్ దగ్గర మాకు టికెట్లు తీసిచ్చిన ఏజెంట్ దగ్గరికి పోయాను. ఆయన ముఖ్యంగా గల్ఫ్ టికెట్లూ, మక్కాకు ఉమ్రా ప్రయాణాలూ చూస్తాడు. ఓడ టికెట్ కోసం వచ్చిన గిరాకీ బహుశా నేనే మొదటిదాన్ని. కుర్చీలో కూర్చోకుండానే, "మా వదినె వస్తలేదు, ఏం చెయ్యాల్నో చూడండి" అన్నాను.

"మేడం, జర కూసోండ్రి. వస్తలేదని అనకుండ్రి" అన్నాడాయన. "గా మాట కంపెనీకి చేరిందంటె వాళ్ళు ఆమె పేరు కొట్టేస్తరు. రాకపోవచ్చు, ఏం దారులున్నయని అడుగుదాం. ఫికర్ చెయ్యకుండ్రి."

ఫోన్‌లో కంపెనీవాళ్ళ సంగీతం చాలాసేపు విన్నాక దారులు తేలాయి. ఆమె ఒక్కతే మానుకుంటే నేను గది మొత్తం నా మీద వేసుకొని ఒంటరిగా పోవాలి. ఇద్దరం మానుకుంటే కట్టిందాంట్లో చాలా వరకు పోయినట్టే. ఆమె బదులు ఇంకొకరి పేరు రాయించవచ్చు, దానికి గడువు దగ్గర్లోనే ఉంది. నాలుగోది, ప్రయాణాన్ని తర్వాతి ఓడకు జరపమని అడగడం. ఇస్తారో ఇవ్వరో ఆయనకే తెలియదు.

పేరు మార్చవచ్చన్న మాట ఇంట్లో పడిందో లేదో, మా చెల్లె నల్ల కళ్ళద్దాలు కొనుక్కుంది. పాపం దాని తప్పేం లేదు, నేనే నోరు జారాను. మా ఆయన కూడా "మంచిగైంది, చెల్లెను తోల్కపో" అన్నాడు. అందరికీ కుదిరిపోయింది. ఆ రాత్రే వదినె ఫోన్.

"నా జాగల నీ చెల్లెను తోల్కపో పిల్లా. నా సంచి మాత్రం బస్సుల ఏసి పంపు."

"సంచి మర్ల ఇంటికి రావద్దంటివి కదా?"

"పోయేదే లేనప్పుడు సంచికేం పట్టింపు" అంది.

ఉప్పు తక్కువైందని నన్ను దులిపే గొంతు కాదది. నాకు కోపం ముంచుకొచ్చింది. ఎవరి మీదనో చెప్పలేను. పత్తి మీద, గడప మీద, ఆ నల్ల కళ్ళద్దాల మీద. పొద్దున్నే జగిత్యాల మీదుగా ఆదిలాబాద్ పోయే దారి పట్టాను. సంచిని మాత్రం ముట్టుకోలేదు. సోన్ దగ్గర గోదావరి దాటుతుంటే అలవాటు కొద్దీ రూపాయి బిళ్ళ వేసి, దండం పెట్టుకున్నాను. ఏం కోరుకోవాలో తెలియక ఊరికే పెట్టుకున్నాను.

వదినె మంచం మీద ఉంది. కట్టు కట్టిన కాలు దిండు మీద, ఆ దిండు లోపల కూడా వాళ్ళ పత్తే. అన్న చాయ్ చేసిచ్చాడు. "సముద్రం యాడికి పోతదమ్మా? మల్లెప్పుడన్న పోవచ్చు" అని నాతో అన్నాడు. ఆ మాట వినగానే వదినె గోడ వైపు తిరిగిపోయింది. ఆయన గ్లాసులు తీసుకొని లోపలికి పోయేదాకా తిరగలేదు.

తిరిగాక, "అగ్గ బాయీ" అంది. మహారాష్ట్ర పక్కనే ఉన్నందుకు ఆమెకు గుండె బరువైనప్పుడు మరాఠీ మాట వస్తుంది. "ఇగ నన్నెవలు తోల్కపోతరు? ఇయ్యాల కాలంటది, రేపు మోకాలంటది, ఎల్లుండి మనుమల పరీక్షలంటరు. గిప్పుడు పోకుంటె నేను ఇగ పోను. గది నాకు తెల్సు. నాకు సూడాలెనని ఉంది పిల్లా."

ఆమె ఎవరినీ ఏదీ అడగగా నేనెప్పుడూ వినలేదు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మా ఇద్దరి మధ్య అట్లాంటివి అలవాటు లేక ఏం చేయాలో తోచలేదు. ఆమె చేయి పట్టుకొని, "నువ్వు లేకుండ నేను పోను. నీతోని కొట్లాడకుంటె నాకు ఓడల ఎట్ల పొద్దుపోతది?" అన్నాను.

అక్కడి నుంచే ఏజెంట్‌కు ఫోన్ చేసి, పేరు మార్చొద్దు, ప్రయాణమే జరపమని అడగమన్నాను. డాక్టర్ కాగితం పంపితే అడుగుతానన్నాడు. ఫోన్ పెట్టేసేలోపే బయట స్కూటర్ చప్పుడైంది. సముద్రం ఎక్కడికీ పోదన్న మనిషి, వంటింట్లోంచే అంతా విని, ఎవరూ చెప్పకుండానే డాక్టర్ దగ్గరికి పోయాడు. కాగితంతో వచ్చి నా చేతిలో పెట్టి, పత్తి గదిలోకి పోయాడు.

రెండు రోజులకు ఏజెంట్ ఫోన్ చేశాడు. "ఇచ్చిన్రు మేడం! హోలీ అయినంక ఓడ. కని ఒక్కసారే మారుస్తరట. అప్పుడు గిట్ల ఆమె రాకుంటె మీ ఇద్దరిదీ పోతది. సోచాయించుకోండ్రి."

చాలానే ఆలోచించాను, భయం కూడా వేసింది. అప్పటికీ ఆ కాలు నేల మీద ఆనకపోతే? మా ఆయన సంచి వైపు చూసి, "అది గన్ని దినాలు ఉంటదా ఈడ?" అన్నాడు. "ఉంటది" అన్నాను. అదే నా నిర్ణయం. చెల్లె నాతో మాట్లాడటం మానేసింది. మానేసినట్టు రోజూ ఫోన్ చేసి చెప్పేది.

కట్టు తీశాక, పత్తి అమ్ముడుపోయి ఖాళీ అయిన గదిలోనే వదినె గోడ పట్టుకొని నడక మొదలుపెట్టింది. అన్న పక్కన నడుస్తున్నాడట. "సముద్రం గురించి ఏమన్న చెప్తుండా?" అని ఫోన్‌లో నేనడిగితే, "చెప్తలేడు, అడుగులు లెక్కవెడుతుండు" అంది.

ఇక తెలివైన పని ఏమిటంటే, ఆదిలాబాద్ నుంచి ముంబైకి బండి ఉంది కాబట్టి నేను సంచి తీసుకొని అక్కడికి పోవడం. ఆ మాట ఎత్తానో లేదో వదినె గయ్యిమంది. బయల్దేరిన సంచి మళ్ళీ ఆదిలాబాద్ మొహం చూడటమా? అందుకని, అప్పుడప్పుడే కుదుటపడుతున్న కాలేసుకొని, అంత దూరం బస్సులో ఆమే కరీంనగర్ వచ్చింది. వచ్చి మా ఇంట్లోకి అడుగు పెట్టనంది. లోపలికొస్తే ప్రయాణం ఆగినట్టట. గేటు బయట ఆటోలో కూర్చొని, "సంచి తే" అంది. మా ఆయన అక్కకు ఆటోలోనే చాయ్ ఇచ్చాడు. చక్కెర తక్కువైందంది.

ముంబై రేవులో ఆమె కోసం చక్రాల కుర్చీ చెప్పి ఉంచాడు మా ఏజెంట్. "నేనేమన్న కుంటిదాన్నా?" అని మొదట ఎగిరింది. ఆ కుర్చీకి లైన్ ఉండదని తెలిశాక, "గది ముందుగాల జెప్పరాదు" అని రాణిలాగా కూర్చుంది. గదిలోకి పోయి సంచి తెరిచాం. చీరల మధ్య, చలికాలం నాటి గరిజెలు, అదే కజ్జికాయలు, ఓడలో తిందామని చేసినవి, ముక్కిపోయి ఉన్నాయి. మా హాల్లో అన్ని చీమలు ఎందుకున్నాయో అప్పుడు తెలిసింది. ఇద్దరం మంచం మీద పడి నవ్వాం.

సాయంత్రం ఓడ కదిలింది. పైకెక్కి కమ్మీ పట్టుకొని నిలబడ్డాం. ఊరి భవనాలు వెనక్కి జరిగి చిన్నవవుతున్నాయి. ముందు వైపు ఇక నీళ్ళే. నేను దాచుకున్న "అబ్బ" బయటికి రాలేదు. అంతలో ఆమె ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టింది.

"ఎక్కినవా?" అటు నుంచి అన్న అడిగాడు. "ఇగ సూడు, సముద్రమంటె..."

"జరాగు" అంది వదినె. "ఇన్నేండ్లు నువ్వు జెప్పినవ్, నేనిన్న. ఇయ్యాల నేను జెప్త, నువ్వు ఇను."

ఆయన మెల్లగా, "ఎట్లుంది?" అని అడిగాడు.

వదినె నీళ్ళ వైపు చూసింది. చెప్పబోయింది. మళ్ళీ చూసింది.

"ఆగు. ఇంకా సూస్తనే ఉన్న."

అన్న ఫోన్ పెట్టెయ్యలేదు. అక్కడ ఆదిలాబాద్‌లో, ఆమె చూసేదాకా ఆగాడు.