కట్ చేస్తే మళ్ళ మొలుస్తదనుకున్న ఫోటో

2022లో, చెరుకు కోతల రోజులు. బోధన్ బస్టాండ్ దగ్గరున్న నా కంప్యూటర్ రిపేర్ షాపుకు రుద్రూర్ నుంచి సాయిలు బాపు వచ్చాడు. చేతిలో ఫోన్, చంకలో తువ్వాలు చుట్టిన సీపీయూ. ఏళ్లుగా నాకు గిరాకీ ఆయన. మౌస్ కదలకపోయినా, ఇంట్లో కరెంటు పోయినా నాకే ఫోన్ చేస్తాడు. విసుగొస్తుంది గానీ, ఆయన ఫోన్ రాని వారం నాకే తోచదు.

"నవ్వనంటేనే చెప్త బిడ్డా" అన్నాడు.

నవ్వనన్నాను.

ఫోన్లోని ఫోటోలు పెద్ద తెర మీద చూద్దామని తానే కేబుల్ పెట్టి ఇంటి కంప్యూటర్లోకి ఎక్కించబోయాడట. కాపీ అంటే ఫోటో ఫోన్లో ఉంటూనే కంప్యూటర్లోకి ఇంకొకటి వెళ్తుంది. కట్ అంటే ఇక్కడ తీసేసి అక్కడ పెట్టడం. ఆయన కట్ నొక్కాడు.

"కట్ ఎందుకు నొక్కినవ్ బాపూ?"

"కట్ అంటే కోసుడే గద. చెరుకు కోస్తే మోడుకెల్లి మళ్ళ మొలుస్తది. ఫోన్ల గూడ గట్లనే మొలుస్తదనుకున్న."

మాట తప్పి పడిపడి నవ్వాను. ఆయన నవ్వలేదు. దాంతో నేనూ ఆపేశాను.

నడుమ కేబుల్ ఊడిందట. అలా ఊడితే ఆ క్షణాన దాటుతున్న ఫోటో అటూ ఇటూ కాకుండా పోవచ్చు. మిగతావన్నీ భద్రంగా ఉన్నాయి. పోయింది ఒక్కటే, అదే ఆయనకు కావలసింది. భార్య గంగవ్వ నవ్వుతున్న ఫోటో. ఎత్తుపళ్లని సిగ్గుపడి, కెమెరా కనిపిస్తే చాలు ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటుంది. ఓసారి చెరుకు మడిలో ఈయన జారి బురదలో కూలబడితే ఆపుకోలేక నవ్విందట. ఈ మహానుభావుడు బురదలో కూర్చునే తీశాడు.

"పెద్దగ ఫ్రేం కట్టిద్దామనుకున్న. ఆమెకు సెప్పలే" అన్నాడు గొంతు తగ్గించి.

రెండు రోజులు రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టాను, అంటే చెరిగిపోయిన ఫైళ్లను వెతికే ప్రోగ్రాం. ఫోన్లో ఏమీ దొరకలేదు. కంప్యూటర్లో సగం ఫైలు మాత్రం ఉంది. తెరిస్తే నుదురు, బొట్టు, నవ్వుతున్న కళ్లు. ముక్కు కింద అంతా బూడిద రంగు. ఇక్కడ కూడా కొంగు అడ్డం పెట్టుకున్నట్టే ఉంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మూడో రోజు ఆయన వెంట గంగవ్వ కూడా వచ్చింది. తెర మీది సగం మొహాన్ని చూసింది.

"గిదాని కోసమా, మూడు దినాల సంది సక్కగ బువ్వ తింటలేడు?"

"కట్ చేస్తే మళ్ళ మొలుస్తదనుకున్నడట అవ్వా" అన్నాను.

ఆమె మొగుడి వైపు తిరిగింది. "మొలవనీకి నేనేమన్న చెరుకునా?" అంటూ మొదలుపెట్టిన నవ్వు ఇక ఆగలేదు. కొంగు జారినా పట్టించుకోలేదు. టేబుల్ మీదున్న ఆయన ఫోన్ అందుకుని ఫోటో తీశాను.

"తీసెయ్ బిడ్డా, పండ్లన్ని కనవడ్తున్నయ్" అంది గంగవ్వ.

బాపు నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. "మళ్ళ మొలిసింది సూడు!" అన్నాడు.

కాపీ చేసి, కంప్యూటర్లో తెరిచి చూసుకున్నాకే ఫోన్లోంచి తీసేయాలని అందరికీ ఎప్పుడూ చెప్పేదాన్నే. ఇప్పుడు దానికంటే ముందు ఒక మాట అడుగుతాను: "గిండ్ల ఏ ఫోటో పోతే నీకు బువ్వ తినబుద్ధి కాదు?" వాళ్లు చూపించిన దాన్ని మొదట కాపీ చేస్తాను.